ఎవరూ మాట్లాడరని చెప్పిన మనిషి

మా మరిదికి పుట్టుకతో రెండు వచ్చాయి. ఒకటి మంచి గొంతు. రెండోది, ఆ గొంతు మంచిదని తనకే తెలియడం. మొదటిది ఒక్కటే వచ్చి ఊరుకుని ఉంటే ఆ మనిషి నాలుగు ముద్దలు ప్రశాంతంగా తిని, పక్కవాళ్ళని కూడా తిననిచ్చేవాడు.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేనాటికి వాడికి ముక్కు తుడుచుకోవడం రాదు. మాట్లాడటం మాత్రం వచ్చు. గరిటె దొరికితే గరిటె, దువ్వెన దొరికితే దువ్వెన నోటి ముందు పెట్టుకుని, ఇంట్లో జరిగేదంతా ఇంట్లోవాళ్ళకే చెప్పేవాడు. "ఇప్పుడు వదిన గిన్నె దించుతోంది. ఇప్పుడు అన్నయ్య చెప్పులు వెతుక్కుంటున్నాడు." మా మామగారు విసిగిపోయి మైకు అని పేరు పెట్టారు. ఆయన తిట్టుగా పెట్టిన పేరుని వీడు బిరుదుగా తీసుకున్నాడు. ఈనాటికీ వీధిలో ఎవరైనా "మైకూ" అని పిలిస్తే వీడు వెనక్కి తిరిగే తీరు చూడాలి, వెనక జనం చప్పట్లు కొడుతున్నారేమో అనిపిస్తుంది.

మొదట బస్టాండులో పని దొరికింది. అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. చెప్పి ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే వాడు మా మరిది ఎందుకవుతాడు. బస్సు ఆలస్యమని చెప్పేటప్పుడు కూడా గొంతులో తేనె పోసుకునేవాడు. జనం మూటల మీద కూర్చుని, ఆ మాట ఎంత బాగా చెప్పాడో అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవారట. బస్సు మాత్రం వచ్చేది కాదు. అలా ఆలస్యమైన బస్సు కోసం ఎదురుచూసిన వాళ్ళలో ఒక పైపుల వ్యాపారి ఉన్నాడు. ఆయన స్నేహితుడెవరో పెట్రోలు బంకు పెట్టాడు. దాన్ని మించినది ఏదైనా పెట్టకపోతే ఈయనకి నిద్ర పట్టదు. అందుకని ఎఫ్ఎమ్ స్టేషన్ పెట్టాడు. టైర్ల కొట్టు పైన రెండు గదులు తీసుకుని, గోడలకి స్పాంజి అంటించి, తలుపు మీద ఎర్రబల్బు పెట్టి, మా మరిదిని బస్టాండు నుంచి ఎత్తుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాడు.

పైపుల వ్యాపారికి వాళ్ళ నాన్నగారి కాలం పాటలంటే ఇష్టం. స్టేషన్ ఆయనది కాబట్టి ఊరందరికీ అవే ఇష్టమన్నాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా పాత పాటలే. ఆ పాటలు వచ్చినప్పటికి పుట్టని మా మరిది, వాటి మధ్యనే పెరిగి ముసలివాడైనట్టు మాట్లాడాలి. మాట్లాడాడు. గొంతు కొంచెం వణికించాడు. మధ్యలో చిన్న దగ్గు కూడా పెట్టాడు. అంతటితో ఆగితే బాగుండేది, ఆ దగ్గు ఇంటికి కూడా పట్టుకొచ్చాడు.

"ఆ రోజులే వేరు వదినా," అన్నాడు ఒక సాయంత్రం, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఏ రోజులు? నువ్వు పుట్టని రోజులా?"

"నీకు పాటంటే ఏమిటో తెలీదు."

"నాకు దగ్గంటే తెలుసు. తగ్గకపోతే కషాయం కాస్తాను."

పెళ్ళయింది. పిల్ల నోట్లో నాలుక లేనిదని పెద్దవాళ్ళు ఎంచి మరీ చేశారు. ఇంట్లో ఒక నాలుక చాలని అనుకుని ఉంటారు. ఆ అమ్మాయి నన్ను అక్కా అని పిలుస్తుంది. పాపం, మంచి పిల్ల. మొగుడి మాటలు పొద్దున రేడియోలో ఒకసారి, సాయంత్రం ఇంట్లో ఒకసారి వినేది. రెండుసార్లూ మారు మాట్లాడే వీలు లేదు.

మా ఆయన పోయాక నేను ఇంటి ముందుగదిలో కుట్టు మిషన్లు పెట్టాను. బడిపిల్లల యూనిఫారాలు, ఆస్పత్రి గౌనులు కుడతాం. పనికి వచ్చే ఆడవాళ్ళు నన్ను అమ్మగారూ అంటారు, వాణ్ణి మైకు బాబాయ్ అంటారు. ఇస్త్రీ బల్ల పైన అరలో రేడియో ఉంటుంది. ఇంటి మనిషి మాట్లాడుతుంటే ఇంకో స్టేషన్ పెట్టడం బాగుండదని ఆ ఒక్కటే పెట్టేవాళ్ళం. అందుకని ఆ స్టేషన్ వేసిన వేషాలన్నీ మా చెవుల మీదుగానే పోయాయి.

పైపుల వ్యాపారి స్టేషన్ అమ్మేశాడు. కొన్నవాళ్ళు పాత పాటలు ముసలివాళ్ళే వింటారని, ముసలివాళ్ళు ఏమీ కొనరని లెక్క తేల్చి, కుర్రకారు పాటలు మొదలుపెట్టారు. మా మరిదికి అప్పటికి నడినెత్తిన జుట్టు పలచబడింది. అయినా వాడికి టకటక తమ్ముడు అని పేరు పెట్టారు. ఊపిరి తీసుకోకుండా మాట్లాడాలి, ప్రతి మాట చివరా నవ్వాలి, నవ్వు రాకపోయినా నవ్వాలి. నిన్నటిదాకా దగ్గినవాడు ఇవాళ కేరింతలు కొడుతున్నాడు. నన్నడిగితే సిగ్గుపడాల్సిన విషయం. వాడు సిగ్గుపడకపోగా ఒక టోపీ కొనుక్కుని, తిరగేసి పెట్టుకున్నాడు.

"రేడియోలో టోపీ ఎవడికి కనిపిస్తుందయ్యా?"

"ఫీల్ కోసం వదినా. లోపల ఫీల్ ఉంటే గొంతులో వస్తుంది."

"లోపల ఏముందో ముందు చూసుకో. తర్వాత పైన పెట్టుకోవచ్చు."

కొన్నేళ్ళకి టకటక కూడా పాతబడింది. పైవాళ్ళు మళ్ళీ మారారు. ఈసారి ప్రేమ పాటలు, పగలూ రాత్రీ అవే. మాట్లాడేవాళ్ళు గుసగుసగా మాట్లాడాలట, మాటకి ముందొక నిట్టూర్పు, తర్వాతొక నిట్టూర్పు. నా మిషన్ల మీద కుట్టు నడక కూడా పాడయింది. ఎవరికి వాళ్ళు పెడల్ మీద కాలు పెట్టి ఏదో లోకంలో ఉండేవారు. ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం.

"అక్కా, ఉప్పు అయిపోయిందండీ అంటే ఏమన్నారో తెలుసా," అంది మా తోటికోడలు. "ఒక నిట్టూర్పు విడిచి, కొన్ని లోట్లు తీరవు అన్నారు."

"నువ్వేమన్నావు?"

"నేనే వెళ్ళి తెచ్చుకున్నాను."

ఇలా ఏ గొంతు పెట్టమంటే ఆ గొంతు పెట్టి, దగ్గమంటే దగ్గి, నవ్వమంటే నవ్వి, మా మరిది ఆ కుర్చీలోనే జుట్టంతా ఊడగొట్టుకున్నాడు. తనతో చేరినవాళ్ళు ఎందరో ఇంకో పని చూసుకుని పోయారు. వాడు పోలేదు. పోతే ఇంకెక్కడికి పోతాడు. బస్టాండులో ఇప్పుడు రికార్డు గొంతు చెబుతోంది. మైకు ముందు కూర్చోవడం తప్ప వాడికి వేరే పని చేతకాదు, ఇంకే పనీ పనిలా కూడా కనిపించదు. ఆ కుర్చీ పోతే మనిషి పోయినట్టే. ఈ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు, పైవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

అప్పుడు దిగాడు కొత్త మేనేజరు. గీత గీసినట్టు గడ్డం, చేతిలో ఎప్పుడూ నీళ్ళ సీసా. తాగగా ఎవరూ చూడలేదు. వాడు వచ్చీరాగానే సర్వే చేయించాడు. దారిన పోయేవాళ్ళని ఆపి, రేడియోలో మీకు నచ్చనిది ఏమిటని అడిగించాడు. ఎండలో ఆపి అడిగితే ఎవరైనా ఏం చెబుతారు, వదిలేస్తే చాలని నోటికొచ్చింది చెబుతారు. మాటలు అన్నారు. అంతే, మాటలు తీసేయాలని తీర్మానం అయిపోయింది. ఇకనుంచి ఆ స్టేషన్‌లో పాట వెనక పాట, దాని వెనక ఇంకో పాట. మధ్యలో మనిషన్నవాడు నోరు తెరవడు. కంప్యూటరే పాటలు మారుస్తుంది. మాట్లాడేవాళ్ళందరూ ఇంటికి.

ఆ కబురు మా మరిది ఎలా మోసుకొచ్చాడనుకున్నారు? నవ్వుతూ వచ్చాడు. నేను కాలర్లు తిప్పుతున్నాను. వాళ్ళావిడ నా పక్కన కాజాలు కుడుతోంది. వచ్చి మా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వదినా, పెద్ద బాధ్యత అప్పగించారు."

"ఏమిటో?"

"వచ్చే సోమవారం నుంచి స్టేషన్ రూపం మారుతోంది. మాటలుండవు. ఆ విషయం జనానికి చెప్పాలి కదా. ఆఖరి మాట. అది నన్ను చెప్పమన్నారు."

వాళ్ళావిడ సూది ఆపింది. "చెప్పాక?"

"చెప్పాక ఏముంది. చెప్పడం."

"చెప్పాక మీరు ఎక్కడ కూర్చుంటారు?" అంది ఆ పిల్ల. అంత పొడుగు ప్రశ్న ఆ నోట నేను వినడం అదే మొదలు.

వాడు సమాధానం నాకు చెప్పాడు. "చూడు వదినా, అంతమందిలో నన్నే ఎందుకు పిలిచాడు? ఒకసారి విననీ. ఈ గొంతుని వదులుకోకూడదని వాడికే తెలుస్తుంది. ఒక గంటైనా ఉంచుతాడు. పొద్దున ఒక్క గంట చాలు నాకు."

"ఆ మాటేదో వాడన్నాడా?"

"అనలేదు. అంటాడు."

"మైకూ, నీ గొయ్యి నువ్వే తవ్వుకోమంటే, గునపం బాగుందని మురిసిపోతున్నావు. చెప్పనని చెప్పి లేచి వచ్చెయ్యి. కనీసం వీధిలో తలెత్తుకుని నడుస్తావు."

"నీకు ఈ లైను తెలీదు."

"నాకు కుట్టు తెలుసు. విప్పి పారేసిన గుడ్డని ఆ పారేసినవాళ్ళే మళ్ళీ కుట్టుకుని తొడుక్కుంటారని నేనెప్పుడూ ఆశ పెట్టుకోలేదు."

గోడకి చెప్పినా కాస్త తిరిగి వినపడేది. వాడు ఆ రోజు నుంచే సాధన మొదలుపెట్టాడు. చెప్పాల్సింది రెండే ముక్కలు: "ఇకనుంచి ఈ స్టేషన్‌లో ఎవరూ మాట్లాడరు. పాటలు మాత్రమే." దానికి పొద్దున ఒక గొంతు, మధ్యాహ్నం ఒక గొంతు. పాత పాటల కాలంనాటి వణుకు పెట్టి ఒకసారి, టకటక తమ్ముడి నవ్వు పెట్టి ఒకసారి, నిట్టూర్చి ఒకసారి. నా పనివాళ్ళ ముందు నిలబడి, ఏది బాగుందో చెప్పమని అడిగేవాడు.

"నిట్టూర్పు బాగుంది బాబాయ్," అంది అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద కూర్చునే ఆవిడ. "నిజంగా ఎవరో పోయినట్టుంది."

"నాకు నవ్వుతూ చెప్పిందే నచ్చింది," అంది ఇస్త్రీ చేసే అమ్మాయి. "చెప్పిందేమిటో తెలియకుండా పోయింది, అంత బాగుంది."

"తెలియాలి కదమ్మా."

"తెలియాలా? అయితే బాబాయ్, మామూలుగా చెప్పెయ్యండి."

మామూలుగా చెప్పడం ఎలాగో వాడికి తట్టలేదు. టోపీ లేని తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇక సోమవారం. రేడియోవాళ్ళకి ఒక ఆచారం ఉందట, నాకు అప్పుడే తెలిసింది. స్టేషన్ తీరు మార్చబోయే రోజున పొద్దున్నించీ ఒకే పాట తిరగేసి తిరగేసి వేస్తారట. జనానికి ఒళ్ళు మండాలి, ఏమైందని ఒకళ్ళనొకళ్ళు అడగాలి, సాయంత్రానికి అందరి చెవులూ అటే ఉండాలి. అప్పుడు కొత్త సంగతి చెబుతారు. మనిషి చెవిలో పుల్ల పెట్టి తిప్పి, ఇటు చూశాడు కాబట్టి నేనంటే ఇష్టమనుకోవడం లాంటిది ఈ తెలివి. ఆ వేసినది కూడా ఎలాంటి పాట? ఒక పిల్ల ఈల వేస్తూ పాడే పాట. మొదటిసారి పరవాలేదు. రెండోసారి సరే. మధ్యాహ్నానికి మా ఇస్త్రీ అమ్మాయి ఈల వినపడగానే పెట్టె ఎత్తి పక్కన పెట్టి చెవులు మూసుకుంటోంది. ఓవర్‌లాక్ ఆవిడ ఒక ఆస్పత్రి గౌనుకి రెండు చేతులూ ఒకే వైపు వేసేసింది.

"కట్టేద్దామా అమ్మగారూ?"

"సాయంత్రం బాబాయ్ మాట్లాడతాడటగా," అంది ఇంకొకామె. "కట్టేస్తే ఎట్లా?"

ఆ మాటతో ఎవరూ కట్టలేదు. తిట్టుకుంటూ విన్నారు. నేనూ విన్నాను.

వాళ్ళావిడ ఆ రోజు క్యారేజీ సర్దింది గానీ తీసుకెళ్ళనంది. "నేను చూడలేనక్కా," అంది. సరే, ఇవ్వమని నేనే బయలుదేరాను. టైర్ల కొట్టు పక్కన మెట్లు. ఎక్కుతుంటే రబ్బరు కంపు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ ఈ కంపులోంచి వెళ్ళి నిట్టూర్పులు విడిచాడా అనుకున్నాను.

పైన ముందుగదిలో పొద్దుటి కార్యక్రమం చేసే పిల్ల తన వస్తువులు సంచిలో వేసుకుంటోంది. హెడ్‌ఫోన్లు, ఒక కప్పు, చిన్న అద్దం. ఏడుపూ లేదు ఏమీ లేదు. సెల్‌ఫోన్ల కొట్టు ముందు నిలబడి ఆఫర్లు చెప్పే పని దొరికిందట.

"మైకు బాబాయ్ లోపలున్నారమ్మా," అని, కాస్త గొంతు తగ్గించి, "ఆయన చెప్పకుండా ఉంటే బాగుండేది," అంది.

"ఎందుకు?"

"ముందు నన్నే చెప్పమన్నారు. నోరు మూసుకుంటామని నోరు తెరిచి చెప్పాలా సార్, నావల్ల కాదన్నాను. తర్వాత సాయంత్రం కార్యక్రమం చేసే ఆయన్ని అడిగారు, ఆయనా వద్దన్నారు. ఇంకొకాయన్ని కూడా అడిగారు, ఆయన ఫోను ఎత్తలేదు."

నన్నే పిలిచాడు, అంతమందిలో నన్నే అని వాడు మా ముందుగదిలో ఎగరేసిన కాలర్ నాకు కళ్ళ ముందు కనిపించింది. ఆ మాట నేను వాడికి చెప్పలేదు. ఈనాటికీ చెప్పలేదు. దయ అనుకోకండి. అంత పదునైన మాటని ఒక్కసారి వాడి పారేయడం నాకిష్టం లేదు.

మేనేజరు ఫోన్ల మధ్య తిరుగుతున్నాడు. ఒకటి మోగి ఆగేలోపు ఇంకొకటి మోగుతోంది. మొహం వెలిగిపోతోంది.

"ఎవరమ్మా మీరు?"

"లోపలున్నవాడి వదినని."

"చూశారామ్మా, పొద్దున్నించి ఒకటే ఫోన్లు. ఊరంతా మనదే వింటోంది."

"తిట్టడానికి చేస్తున్నారు నాయనా."

"తిట్టినా విన్నట్టేగా," అన్నాడు వాడు. ఆ మాటా నిజమే. అది నాకు ఇంకా మంట.

అద్దం అవతల మా మరిది కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన నాలుగు వెంట్రుకలు. క్యారేజీ చూపిస్తే తర్వాత అన్నట్టు చెయ్యి ఊపాడు. ఎదురుగా కాగితం ఉంది, రెండు ముక్కలకి కాగితం. పెదాలు కదుపుతున్నాడు. ఏ గొంతు పెట్టాలో ఇంకా తేల్చుకోలేదని అద్దంలోంచే తెలుస్తోంది. ఒకసారి మొహం నవ్వు పెడుతుంది, ఇంకోసారి కళ్ళు వాలతాయి.

సాయంత్రమైంది. మేనేజరు వేలెత్తాడు. పొద్దున్నించీ తిరుగుతున్న ఆ ఈల పిల్ల మధ్యలో ఆగింది. అబ్బ, ఆ నిశ్శబ్దం ఎంత బాగుందని. తలుపు మీద ఎర్రబల్బు వెలిగింది. మా మరిది నోరు తెరిచాడు. ఏ గొంతూ రాలేదు. మళ్ళీ తెరిచాడు. ఈసారి వచ్చింది. వణుకు లేదు, నవ్వు లేదు, నిట్టూర్పు లేదు. ఇంట్లో చొక్కా తీసి కూర్చుని, కొంచెం మంచినీళ్ళివ్వమని అడిగే గొంతు.

"ఇకనుంచి ఈ స్టేషన్‌లో ఎవరూ మాట్లాడరు. పాటలు మాత్రమే."

అంతే. బల్బు ఆరిపోయింది. పాట మొదలైంది. ఆ గొంతు రేడియోలో నేనెప్పుడూ వినలేదు. బాగుందని ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు గానీ, బాగాలేదని కూడా అనలేను.

మేనేజరు లోపలికి వెళ్ళి, "అన్నా, సూపర్," అన్నాడు. వీడు లేవలేదు. ఇంకేమైనా అంటాడని కూర్చున్నాడు. ఆ ఒక్క గంట సంగతి ఎత్తుతాడని కూర్చున్నాడు. మేనేజరు కాసేపు చూసి, వీడి తల మీంచి హెడ్‌ఫోన్లు తనే మెల్లిగా తీసి గోడకి తగిలించాడు. చిన్నపిల్లల తలకి చుట్టిన తువ్వాలు తీసినట్టు. తర్వాత వాడి చేతిలో స్టేషన్ గుర్తున్న ఒక కప్పు పెట్టాడు. మెట్లు దిగేటప్పుడు ఆ కప్పు నేనే పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున పాటల మధ్యలో ఆ రెండు ముక్కలు మళ్ళీ వచ్చాయి. నేను సూదిలో దారం ఎక్కిస్తూ ఆగిపోయాను. గంట తర్వాత మళ్ళీ వచ్చాయి. నిన్న చెప్పింది రికార్డు చేసుకుని గంటగంటకీ వేస్తున్నారు. ఎవరూ మాట్లాడని స్టేషన్‌లో మాట్లాడే గొంతు ఒక్కటే, అది మా మరిదిది.

వాడు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "విన్నావా వదినా? ఉంచారు. నేను చెప్పలేదూ?"

"గొంతుని ఉంచారు. నిన్ను ఉంచారా?"

"రెండూ ఒకటే కదా."

కొన్నాళ్ళు ఆ మైకంలోనే తిరిగాడు. గంట కొట్టే వేళకి రేడియో దగ్గరికి వచ్చి చొక్కా సర్దుకునేవాడు. పక్కన మంగలి షాపులో జుట్టు కత్తిరించుకునేవాళ్ళు తల వంచుకునే "మీరే కదండీ" అంటే, "మేమే" అనేవాడు. ఒక్క మనిషి, ఒక్క మాట, దానికి మేము.

వాళ్ళావిడే ముందు తట్టుకోలేకపోయింది. "అక్కా, ఎదురుగా కూర్చుని భోంచేస్తుంటారు. వీధిలో ఎవరి రేడియోలోనో ఎవరూ మాట్లాడరు అంటారు. నాకు వణుకొస్తోంది." ఆ మాట వాడి చెవిన పడింది. ఆ తర్వాత వాడికీ వినపడటం మొదలైంది అనుకుంటాను, అంటే వింటున్నదేమిటో వినపడటం. ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మళ్ళీ ఆ రబ్బరు మెట్లెక్కాడు. తిరిగొచ్చి ఏం జరిగిందో నాకు తనే చెప్పాడు.

పొద్దున గంట ఇవ్వమని అడిగాడట. మేనేజరు కొత్త సర్వే చూపించాడు. స్టేషన్‌లో జనానికి అన్నిటికన్నా నచ్చింది ఆ రెండు ముక్కలేనట. "మరి నచ్చితే నన్ను మాట్లాడనివ్వండి," అన్నాడట వీడు. "అన్నా, మీరు మాట్లాడరని చెబుతున్నారు కాబట్టే నచ్చారు," అన్నాడట వాడు. పోనీ అదైనా ఆపమంటే, అది స్టేషన్ సొత్తట. గొంతు నాదే కదా అంటే, మైకు మాది కదా అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను," అన్నాడు మా మరిది. నాకు తెలిసి వాడు ఇద్దరు మనుషులున్న గదిలో అంత చిన్నమాట అనడం అదే మొదలు.

ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు. నిజంగానే మానేశాడు. తను ప్రకటించినదాన్ని ఊళ్ళో ఒక్కడే పాటించాడు. మొదట నాకు సుఖంగానే అనిపించింది, దాచుకోను. వాళ్ళావిడ వచ్చి, "అక్కా, ఉప్పు లేదన్నా కూడా ఏమీ అనడం లేదు," అని ఏడ్చేసరికి ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి వాణ్ణి మంచం మీంచి లేపాను.

"పద. యూనిఫారాలకి దారాలు కత్తిరించాలి. మనుషులు చాలడం లేదు."

వచ్చాడు. మూల బల్ల దగ్గర కూర్చుని, చిన్న కత్తెరతో దారాలు కత్తిరించాడు. నా పనివాళ్ళు వాడు వచ్చిన రోజే రేడియో కట్టేశారు. నేను చెప్పలేదు. ఓవర్‌లాక్ ఆవిడ లేచి, మీట నొక్కి, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుంది. కానీ మంగలి షాపు రేడియోని ఎవరాపుతారు. గోడ అవతల నుంచి గంటగంటకీ వచ్చేది. నాలుగైదు రోజులకి వీడు నోరు విప్పి, పనివాళ్ళకి ఏవో పాత కబుర్లు చెప్పడం మొదలుపెట్టాక తమాషా చూడాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ, గోడ అవతల తన గొంతు రాగానే ఆగిపోయేవాడు. పెద్దమనిషి ఎదురైతే పక్కకి తప్పుకున్నట్టు తప్పుకుని, అది అయిపోయాక మళ్ళీ అందుకునేవాడు. తన గొంతుకి తనే దారి ఇచ్చేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఇంత అయినా ఆ స్టేషన్ అంటే వాడికి భయభక్తులు పోలేదు.

ఇది జరిగి చాలా రోజులైంది. నిన్న మధ్యాహ్నం ఒక యూనిఫారం చొక్కా చేతిలో పట్టుకుని నా మీదికి వచ్చాడు.

"వదినా, ఈ జేబు తప్పు వైపు వేశారు."

"ఎడమవైపే ఉంది కదా. అక్కడే ఉండాలి."

"ఎందుకుండాలి? పిల్లలు కుడిచేత్తో కదా పెన్సిలు తీసేది. కుడివైపుంటే దగ్గర."

"కుడిచేత్తో ఎడమ జేబే దగ్గరయ్యా. నీ చొక్కా మీద చెయ్యి పెట్టి చూసుకో."

"నా చొక్కా సంగతి వేరు, నాది కొలత ఇచ్చి కుట్టించింది."

"కుట్టింది నేనే."

"అందుకే అంటున్నాను, ఇన్నేళ్ళుగా తప్పు కుడుతున్నావని."

మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. వాడి గొంతు పెరిగింది. చెయ్యి ఊపుతూ, చొక్కా ఊపుతూ, జేబు పుట్టుపూర్వోత్తరాలన్నీ తనకే తెలిసినట్టు చెప్పుకుపోతున్నాడు. ఆ మధ్యలో గోడ అవతల గంట తిరిగింది. "ఇకనుంచి ఈ స్టేషన్‌లో" అని మొదలైంది. వాళ్ళావిడ కాజా మీంచి తల ఎత్తి నా వైపు చూసింది. నేనూ చూశాను. వాడు ఆగలేదు. గోడ అవతల ఎవరూ మాట్లాడరని చెప్పడం అయిపోయి, పాట మొదలై, అది కూడా సగానికి వచ్చింది. వాడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్క ముక్క కూడా వినపడినట్టు లేదు.

ఆ వాదనలో తప్పు మాత్రం వాడిదే. జేబు ఎడమవైపే ఉండాలి.